ఆయిలు పొరను కాపాడే పనితనం

అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో సైన్సు టీచరుగా పనిచేసిన ఇర్వ్ గోర్డన్ 1966లో కొన్న వోల్వో పి1800 కారు 2013 నాటికి 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లకు పైగా తిరిగింది. అదంతా స్వీడన్ తయారీ గొప్పదనమే అనుకుంటే, అదే మోడల్ కార్లు ఎన్నో ఎప్పుడో తుక్కుకు పోయాయి. తేడా కారును చూసుకోవడంలో ఉంది. మాన్యువల్ చెప్పిన సర్వీసు గడువులను ఆయన దాటనివ్వలేదు. ఇంజన్‌లో లోహానికీ లోహానికీ మధ్య అడ్డుండేది పలచని ఆయిలు పొర. వేడీ మసీ దాన్ని పాడుచేస్తాయి. వేళకు ఆయిలు, ఫిల్టరు మార్చే మెకానిక్ కాపాడేది ఆ పొరనే. కూలెంట్ సంగతీ అంతే. చిన్న ఖర్చును వాయిదా వేస్తే మొత్తం ఇంజనే పోతుంది.

గోర్డన్ తిరిగినవన్నీ హైవే మైళ్లేగా అని కొందరు అంటారు. చాలావరకు నిజమే, ఆగి ఆగి నడిచే ఊరి ట్రాఫిక్‌లో అరుగుదల ఎక్కువ. అలాగైతే మన ఊళ్లలో సర్వీసు ఇంకా ముందే చేయించాలి. భాగాలన్నీ మార్చుకుంటూ పోతే అది పాత కారెలా అవుతుందని ఇంకొకరు అడుగుతారు. అరిగేదాన్ని మార్చి మిగతాదాన్ని నిలబెట్టడమే కదా ఈ పనితనం! తుప్పు తినేసిన ఛాసిస్ విషయంలో మాత్రం నేను వాదించను, దాన్ని వదిలేయడమే మంచిది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఓడోమీటర్ చూసి బెదిరిపోకుండా ముందు సర్వీసు బిల్లులు అడిగి చూడండి.