అర మిల్లీమీటరు పనితనం

మలేషియాలోని తెలుక్ ఇంటాన్ గడియార స్తంభం 1885లో కట్టింది. మెత్తటి నేలలో ఓ పక్కకు ఒరిగినా నిలబడే ఉంది. గురి తుపాకీని సర్దే పనివాడికి అంత వెసులుబాటు లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో నడిమి చుక్క అర మిల్లీమీటరు. పేల్చే గుండేమో 4.5 మిల్లీమీటర్లు. ఆ చుక్కను పదేపదే తాకాలంటే ముందు తుపాకీ ఒంటికి కుదరాలి. భుజానికి ఆనే పలకను పైకీ కిందికీ జరుపుతారు, చెంప ఆనే భాగాన్ని దవడ ఒంపుకు తగ్గట్టు ఎత్తుతారు. మెడ వంచే పని లేకుండా కన్ను సైటుకు ఎదురుగా రావాలి. ఆపైన తుపాకీని బిగించి పెట్టి, రకరకాల గుండ్లు పేల్చి, ఏవి ఒకే చోట పడుతున్నాయో చూస్తారు. చేతి వణుకు ఉండదు గనుక తప్పు గుండుదో గొట్టానిదో తేలిపోతుంది. దర్జీ పనిలాంటిదే ఇది, కాకపోతే కొలత మరీ సన్నం.

డబ్బున్నవాళ్ల ఆట, గెలిచేది యంత్రమే అంటారు. ఖరీదు మాట నిజమే. యంత్రం సంగతి మాత్రం ఒప్పుకోలేను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ ఈ పోటీలోనే కాంస్యం గెలిచాడు. మహిళల పోటీలో మలేషియా షూటర్ నూర్ సూర్యానీ తైబీ ఎనిమిది నెలల గర్భంతో నిలబడి గురిపెట్టింది. ఒంటి తూకం మారితే నిలకడా మారుతుంది; ఆ సర్దుబాటు తుపాకీ తనంతట తాను చేసుకోదు. తుపాకీ అంటేనే భయమన్నవారిదీ న్యాయమే, మలేషియా 1960 ఆయుధాల చట్టం కట్టుదిట్టంగా ఉండటమూ మంచిదే. పిల్లలు సరదాపడితే సొంత తుపాకీకి తొందరపడకండి. లైసెన్సున్న క్లబ్బులో, శిక్షకుడి ఎదుట మొదలుపెట్టించండి.