సంకల్పం ఎవరిది, నీళ్ళ బిందె ఎవరిది

రాజమండ్రిలో ఏ పుస్తకాల షాపుకెళ్ళినా కథలూ కవిత్వం కంటే ముందు వ్యక్తిత్వ వికాసం అర కంటపడుతుంది. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ ఈ తరహా పుస్తకాలకి తెలుగులో ఎంత గిరాకీ ఉందో చూపించాక ఆ అర నిండుతూనే ఉంది. (ఆయనదీ కోనసీమే, రాజోలు. మా నేల వరితోపాటు దీన్నీ పండించింది.) సంస్థని నడిపేవాళ్ళకి ఉండాల్సిన లక్షణాల గురించి ఈ పుస్తకాలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి. సానుకూల దృక్పథం ఉండాలి, లక్ష్యం స్పష్టంగా ఉండాలి, అడ్డంకులు వస్తే నవ్వుతూ దాటాలి. ఒకప్పుడు ఉదాహరణలన్నీ మగవాళ్ళవే ఉండేవి. ఇప్పుడు మన గోదావరి ఆడవాళ్ళు కూడా చేరుతున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్, డొక్కా సీతమ్మ, అప్పుడప్పుడు కందుకూరి రాజ్యలక్ష్మమ్మ. సంతోషించాల్సిన విషయమే. కానీ ఈ ‘స్ఫూర్తి గాథలు’ చదువుతుంటే నాకు సంతోషం కంటే చిరాకే ఎక్కువ కలుగుతోంది. ఎందుకో ఆలోచిద్దామనే ఈ నాలుగు మాటలు.

ముందు రాజ్యలక్ష్మమ్మ సంగతి. వీరేశలింగం ‘స్వీయచరిత్రము’ని మనం సంస్కరణోద్యమ చరిత్రగానో, తెలుగులో ఆత్మకథకి పునాదిగానో చదువుతాం. నాకది సంస్థల నిర్వహణ గురించి తెలుగులో వచ్చిన మొదటి పెద్ద పుస్తకంలా కూడా కనిపిస్తుంది. ఎవరు సాయం చేశారు, ఎవరు మాటిచ్చి తప్పుకున్నారు, ఎవరితో ఏ తగాదా వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నీ ఉంటాయి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో గౌరమ్మకీ గోగులపాటి శ్రీరాములుకీ మొదటి వితంతు వివాహం జరిగింది. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. విద్యార్థులు కాపలా కాశారు. పోలీసులు వచ్చారు. ఇదంతా మనకి బాగా తెలిసిన కథ. ఊరు వెలివేసినప్పుడు వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారనీ, రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి తనే వండిపెట్టిందనీ కూడా తెలిసిందే. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండో విషయం ఒక్క వాక్యం. ‘భర్త ఆశయానికి అండగా నిలిచిన సాధ్వి’ అని దాని కింద ఒక ముద్ర.

ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం. వెలి అంటే ఏమిటి? పీఠాధిపతి శ్రీముఖం పంపడం, సభల్లో తిట్టుకోవడం దాని పైరూపం. రోజువారీ జీవితంలో వెలి అంటే పురోహితుడు గడప తొక్కడు. వంటమనిషి రాడు. నీళ్ళు ఇంటికి చేరవు. చుట్టాలు పేరంటానికి పిలవరు, పిలిస్తే రారు. అంటే వెలి అమలయ్యేది బావి దగ్గర, పొయ్యి దగ్గర, పేరంటంలో. ఆ మూడూ ఆడవాళ్ళవే. కాబట్టి వెలిని ఎదుర్కోవడమనే పని వ్యాసాల్లోనూ ఉపన్యాసాల్లోనూ ఎంత జరిగిందో వంటింట్లోనూ అంతే జరిగింది. పెళ్ళంటే రోజుల తరబడి సాగే కాలం. వచ్చినవాళ్ళకి రెండు పూటలా వండాలి. గోదావరి రేవు నుంచి ఇంటిదాకా నీళ్ళు మొయ్యాలి. పెళ్ళిళ్ళు ఒకటి కాదు, ఆయన జీవితకాలంలో నలభై దాకా జరిపించారంటారు. రాజమండ్రిలో వితంతు శరణాలయం ఏర్పడింది 1905లో. మొదటి పెళ్ళికీ శరణాలయానికీ మధ్య ఇరవై నాలుగేళ్ళు. ఆ కాలమంతా ఇల్లు వదిలి వచ్చిన ఆడపిల్లలకి నీడ దొరకాలంటే సంస్కర్తల ఇళ్ళే గతి. అంటే రాజ్యలక్ష్మమ్మ ఇల్లే శరణాలయం. ఆమెకి ఆ సంస్థలో హోదా ఏదీ లేదు, పనంతా ఆమెదే. దానికితోడు ఆయన చిన్నప్పటినుంచీ దగ్గుతో బాధపడ్డ మనిషి.

అలాగని రాజ్యలక్ష్మమ్మని కూడా ఇంకో ‘సానుకూల నాయకురాలు’గా మార్చి అరలో పెడదామని నా ఉద్దేశం కాదు. అసలు చిక్కే అది. ఆమె రాసుకున్న ఆత్మకథ మన చేతుల్లో లేదు. ఆయన పుస్తకంలో ఆమె ఆయన పనికి తోడుగా కనిపిస్తుంది. ఆ నీళ్ళ బిందె ఎత్తుకున్నప్పుడు ఆమెకి కోపం వచ్చిందో, గర్వంగా అనిపించిందో, నడుం నొప్పి పుట్టిందో ఆ పేజీల్లో దొరకదు. ఒక్కచోట మాత్రం ఆమె నిర్ణయం స్పష్టంగా కనబడుతుంది. తనవైపు వాళ్ళు ఆయన్ని వదిలి తమతో వచ్చెయ్యమన్నారు. ఆమె వెళ్ళలేదు. దీన్ని పతిభక్తి అనడం మన అలవాటు. ఊరంతా ఒకవైపు ఉండగా, తన వాళ్ళు ఏడుస్తుండగా, రేపటినుంచి నీళ్ళెవరు తెస్తారో తెలిసి తెలిసి, అక్కడే ఉండిపోవడాన్ని భక్తి అని సరిపెట్టుకోవడం నాకు కుదరడం లేదు. పుట్టినప్పుడు ఆమె పేరు బాపమ్మ. పెళ్ళయ్యాక రాజ్యలక్ష్మి అయింది. 1906లో ఆయన ఆస్తినంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. 1910లో ఆమె పోయింది. ఇప్పుడు రాజమండ్రిలో ఆమె పేర ఆడపిల్లల కాలేజీ ఉంది. ఊళ్ళో అందరూ దాన్ని ‘ఎస్.కె.ఆర్.’ అంటారు. ఆ ‘ఆర్’ ఎవరో అక్కడ చదివే పిల్లల్ని అడిగి చూడండి.

సదుద్దేశమే సంస్థకి ప్రాణం అనే మాటకి ఇంకో ఇబ్బంది ఉంది. వీరేశలింగం ఉద్దేశాన్ని ఎవరూ శంకించలేరు. ఆ ఉద్దేశంతోనే ఆయన భోగంమేళాల మీద యుద్ధం ప్రకటించారు. మగవాళ్ళ నీతిని సరిదిద్దాలని మొదలైన ఆ పోరు ఎక్కువగా తగిలింది కళావంతుల ఆడవాళ్ళకి, వాళ్ళ జీవనానికి, వాళ్ళ విద్యకి. ఆ దెబ్బ సాహిత్యం మీద కూడా పడింది. ముద్దుపళనిని ఆయన ‘కవుల చరిత్ర’లో ఎలా తీసిపారేశారో, దానికి జవాబుగా బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ‘రాధికా సాంత్వనము’ని ఎలా మళ్ళీ అచ్చు వేయించిందో, ఆ పుస్తకం మీద ప్రభుత్వం ఎలా విరుచుకుపడిందో స్త్రీవాద సాహిత్య చరిత్ర చదివినవాళ్ళకి కొత్త కాదు. ఒక సంస్థ లక్ష్యం ఎంత స్పష్టంగా ఉంటే దాని దారిలో ఎవరు నలుగుతున్నారో అంత తక్కువగా కనబడుతుందేమో అని అనుమానం.

దీనికి పక్కనే కాకినాడలో 1921లో జరిగిన విషయం పెట్టి చూడాలి. గాంధీ వస్తున్నాడని తెలిసి పన్నెండేళ్ళ దుర్గాబాయి దేవదాసీలతోనూ ముస్లిం స్త్రీలతోనూ ఆయన విడిగా మాట్లాడాలని పట్టుబట్టింది. స్థానిక నాయకులు ఐదువేల రూపాయల నిధి ఇస్తేనే సరే అన్నారు. డబ్బు పోగైంది, సభ జరిగింది, ఆమె గాంధీ మాటల్ని తెలుగు చేసింది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ఈ కథ ‘ఒక బాలిక ఆత్మవిశ్వాసం’. ఆ బాలిక ధైర్యానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ ఐదువేలూ ఎవరిచ్చారు? దేవదాసీలే సమకూర్చారు. సంస్కరణ పేరుతో నలభై ఏళ్ళుగా నిందలు పడుతున్న స్త్రీలు, తమతో పది నిమిషాలు మాట్లాడించుకోవడానికి తామే డబ్బు కట్టారు. ఈ కథలో నాయకత్వం ఎవరిదని అడిగితే నేను ఒక్క పేరు చెప్పలేను. వాళ్ళ పేర్లు అసలే చెప్పలేను.

దుర్గాబాయి ‘చింతామన్ అండ్ ఐ’ 1980లో, ఆమె చనిపోవడానికి ఏడాది ముందు వచ్చింది. దేశంలో అన్ని సంస్థలు కట్టిన మనిషి తన కథకి పెట్టుకున్న పేరులో భర్త ముందుంటాడు, తను తర్వాత. ఇది చూసి మనలో కొందరు నొసలు చిట్లిస్తారు. నాకు అంత తొందర లేదు. ఎనిమిదేళ్ళకి చేసిన పెళ్ళిని పదిహేనేళ్ళకి కాదని బయటికొచ్చిన స్త్రీ, నలభై నాలుగో ఏట ఇష్టపడి చేసుకున్న మనిషి పేరు ముందు పెట్టుకుంటే అది వేరే విషయం.

ఆమె జీవితంలో నన్ను ఆపేది ఇంకొకటి. కాకినాడ కాంగ్రెసప్పుడు, 1923లో, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపిన కథ అందరూ చెబుతారు. రెండణాల టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది. క్రమశిక్షణకి ఉదాహరణగా దాన్ని ఇప్పటికి వెయ్యిసార్లు వాడి ఉంటారు. దానికంటే పెద్ద విషయం ఆమె పని తీరు. హిందీ తను నేర్చుకోగానే కాకినాడలో ఆడవాళ్ళకి హిందీ పాఠశాల పెట్టింది. అక్కడ తల్లి కృష్ణవేణమ్మ కూడా విద్యార్థే. జైళ్ళ నుంచి వచ్చాక బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా చదివి పాసైంది. తర్వాత మద్రాసులో అదే పరీక్షకి ఇతర ఆడపిల్లల్ని తయారు చెయ్యడం మొదలుపెట్టింది. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభకి వేరు అక్కడుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళకి హాస్టల్ లేదు కాబట్టి సీటు లేదన్నప్పుడు, చదవాలనుకునే ఇతర అమ్మాయిల్ని వెతికి హాస్టల్ ఏర్పాటు చేసుకుంది. ప్రతిసారీ ఒకటే వరస. తనకి తగిలిన అడ్డంకిని తనొక్కతే దాటి అవతలికి వెళ్ళిపోదు, అక్కడే ఇంకో పదిమందిని కూచోబెడుతుంది. ‘అడ్డంకుల్ని అవకాశాలుగా మార్చుకోండి’ అనే పుస్తకాలు చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాటిలో అవకాశం ఎప్పుడూ ఒక్కరికే.

ఈ తేడా నాకు పుస్తకాల్లో కంటే ఒక శిక్షణ తరగతిలో బాగా తెలిసింది. డ్వాక్రా సంఘాల లీడర్లకి నాయకత్వం గురించి పెట్టిన తరగతి అది. చెప్పేవాడు కుర్రాడు, మంచివాడే, బాగా మాట్లాడాడు. సగం నిండిన గ్లాసు కథ కూడా చెప్పాడు. లంక గ్రామం నుంచి వచ్చిన ఒకావిడ లేచి, “మా సంఘంలో ఒకామె కువైట్ ఎల్లిపోయిందండి, ఆవిడ వాయిదా మేం తొమ్మిదిమందీ కడతన్నాం. ఇంకెన్నాళ్ళు కట్టాలండి?” అనడిగింది. “అమ్మా, నెగెటివ్‌గా ఆలోచించకూడదు” అన్నాడతను. “నెగెటివ్ కాదు బాబూ, లెక్క” అందావిడ. అందరం నవ్వాం, ఆమె నవ్వలేదు. దుర్గాబాయి ఆ గదిలో ఉంటే ఆ కుర్రాణ్ణి కూచోమని చెప్పి ఆ లెక్క బోర్డు మీద వేయించేదని నాకు గట్టి నమ్మకం.

అయితే దుర్గాబాయి నమ్మకాల్లోనే ఉన్న ఒక ముడిని దాటెయ్యకూడదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె మొదటి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకి ప్రభుత్వం గ్రాంటు ఇస్తే స్త్రీల సంక్షేమం వాళ్ళే చూసుకుంటారన్నది ఆ మండలి పునాది. ఆ తరానికి సేవ అంటే జైలుకెళ్ళడంతో సమానమైన మాట. జీతం అడగకపోవడం వాళ్ళకి గౌరవం. ఆ మాట ప్రభుత్వం చేతికి చిక్కాక మాత్రం అర్థం మారింది. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో పనిచేసే ఆడవాళ్ళకి ఇచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకి దిగి 42 రోజులు రోడ్ల మీద కూచున్నారు. ప్రభుత్వం 2024 జనవరిలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. డబ్బిచ్చేటప్పుడు గౌరవం, సమ్మె చేస్తే అత్యవసరం.

ఇక డొక్కా సీతమ్మ. మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో చనిపోయేదాకా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టింది. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఢిల్లీ రమ్మంటే రాలేనందని, ఫొటో తీసుకెళ్ళి కుర్చీలో పెట్టారని చెబుతారు. ఆమె గురించి మనం విన్నదంతా ఇతరులు చెప్పిందే. ప్రతి కథలోనూ ఆమె తల్లి, అన్నపూర్ణ, దేవత. నిర్వాహకురాలు మాత్రం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో గింజలు మిగలడం మొదలైంది. జోగన్న గారికి పొలం ఉంది. రేవు దాటి కోనసీమలోకి వచ్చేవాళ్ళకి దారిలో హోటళ్ళు లేవు. అర్ధరాత్రి పడవ దిగి వచ్చిన మనిషికి కూడా అన్నం దొరకాలంటే గాదెలో ఎన్ని బస్తాలుండాలి, పుల్లలు ఎక్కడినుంచి రావాలి, వానాకాలం ఏటిపోటు వచ్చినప్పుడు ఏం చెయ్యాలి, దంచేవాళ్ళెవరు, తోమేవాళ్ళెవరు? దశాబ్దాలపాటు రోజూ ఇవన్నీ లెక్క చూసుకున్న స్త్రీని దేవత అనేస్తే ఆ లెక్క చూడాల్సిన అవసరం మనకి తప్పిపోతుంది. దంచినవాళ్ళ ఊసూ తప్పిపోతుంది.

2024లో ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’. పేరు బాగుంది. ఆ భోజనం వండే ఆడవాళ్ళకి నెలకి వెయ్యి రూపాయలుండేది. 2019లో మూడు వేలు చేశారు. దాన్నీ గౌరవ వేతనమే అంటారు. సీతమ్మ ఇంట్లో గాదె ఉండేది.