ఫోను మాట వినాలంటే

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఎక్కడెక్కడి ఐఫోన్లనో కుప్పకూల్చింది. మెసేజ్‌లో ఆ అక్షరం వచ్చిందంటే యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కూలి, లేచి, మళ్లీ కూలేది. అందరూ దాన్ని ‘జ్ఞా’ అన్నారు. నిజానికి మనం రోజూ రాసుకునే ‘జ్ఞా’తో ఏ ఇబ్బందీ లేదు. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం - ఈ వరసలో వస్తేనే ఐఓఎస్ 11.2.5 తడబడింది. ఆ కనిపించని గుర్తూ మనకు కొత్తది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని టైప్ చేసినప్పుడు ‘ట’ కింద ‘వ’ వత్తుగా దిగకుండా ఆపేది అదే. యాపిల్ ఆ నెల 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఈలోపే మనీష్ గోరెగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ ఒక్కో అక్షరాన్నీ మార్చి మార్చి చూసి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి కూర్పులు ఫోన్‌ని పడగొడతాయని బయటపెట్టారు.

అలా తెర పనిచేయని ఫోన్‌ని తెర మీద వేలు పెట్టి పరీక్షించలేం. కేబుల్ దారి మాత్రం చాలాసార్లు తెరిచే ఉంటుంది. ఐఫోన్ మన కంప్యూటర్‌ని ముందే నమ్మి ఉంటే, లిబ్‌ఐమొబైల్‌డివైస్ అనే ఉచిత పనిముట్లతో క్రాష్ రిపోర్టులు బయటికి లాగొచ్చు. ఆండ్రాయిడ్‌కైతే కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే ఏడీబీ ఉంది. నా ఉద్యోగం మాదాపూర్‌లో మొబైల్ యాప్‌ల టెస్టింగ్. నా రోజంతా ఏడీబీ నడిచే నల్లటి టెర్మినల్ కిటికీలోనే గడుస్తుంది. అమీర్‌పేటలో కోర్సు చేసి చేరిన పిల్లలు ఆండ్రాయిడ్ స్టూడియోలో అన్ని బటన్లూ చకచకా నొక్కుతారు. ఫోన్ చెప్పేది చదవమంటే మాత్రం తడుముకుంటారు. వాళ్లకి ఎవరూ చూపించలేదు, అంతే. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాను.

ఏడీబీలో మూడు ముక్కలున్నాయి. మనం టైప్ చేసేది క్లయింట్. మన కంప్యూటర్‌లోనే 5037 పోర్టు దగ్గర నిశ్శబ్దంగా నడిచేది సర్వర్. ఫోన్ లోపల కాచుకుని ఉండేది ఏడీబీడీ. ‘ఏడీబీ డివైసెస్’ కొట్టగానే వచ్చే జవాబులోనే సగం సంగతి తెలిసిపోతుంది. జాబితా ఖాళీగా వస్తే ముందు కేబుల్ మార్చండి; చార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరాని కేబుళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. ‘అన్‌ఆథరైజ్డ్’ అని వస్తే ఫోన్ తెర మీద అనుమతి అడుగుతోందన్నమాట. ఆ అనుమతి 2013లో ఆండ్రాయిడ్ 4.2.2తో వచ్చింది. అంతకుముందు డీబగ్గింగ్ ఆన్‌లో ఉన్న ఫోన్‌కి ఎవరు కేబుల్ తగిలించినా తలుపు తెరుచుకునేది.

ఇక లాగ్‌క్యాట్, అంటే ఫోన్ తన లోపల జరిగేది రాసుకునే లాగ్‌ని చూపించే కమాండ్. మొదటిసారి చూసినవాళ్లకి కళ్లు తిరుగుతాయి. సెకనుకి వందల వరసలు పరిగెడుతుంటాయి, అందులో మనకి కావలసింది ఏ నాలుగు వరసలో. ఆ నాలుగింటినీ పట్టుకోవడమే పనితనం. ముందు పాత లాగ్ తుడిచేయాలి. తర్వాత తప్పు జరిగే పని ఒక్కటే చేయాలి, వెంటనే ఆపాలి. చాలా ఫోన్లలో లాగ్ దాచే ఒక్కో బఫర్ 256 కిలోబైట్లే. నిండితే పాతది చెరిగిపోతుంది కాబట్టి, బగ్ కనిపించాక టీ తాగొచ్చి లాగ్ తీస్తే అందులో ఏమీ మిగలదు. ఎర్రగా కనిపించిన ప్రతి వరసా నేరస్థుడు కాదు. కూలిన వరస కంటే దానికి అర సెకను ముందు జరిగింది చదవడం ముఖ్యం. దీనికి ఓపిక తప్ప అడ్డదారి లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మైండ్‌స్పేస్ కూడలి దగ్గర ఒక డెలివరీ కుర్రాడు నన్ను ఆపి, ‘అన్నా, స్క్రీన్ బంద్ అయితే ఆర్డర్ సౌండ్ వస్తలేదు. ఫోన్ తీసి చూసేసరికి ఆర్డర్ వేరేటోళ్లకి పోతుంది’ అన్నాడు. అతను వాడేది మేం పనిచేసిన యాప్. ఆఫీసులో చెబితే ఒక జూనియర్ వెంటనే, ‘అన్నా, ఇక్కడ అన్ని ఫోన్లలో బానే వస్తోంది, రీప్రొడ్యూస్ కావట్లేదు’ అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. మా బల్ల మీది ఫోన్లన్నీ పొద్దస్తమానం కేబుల్‌కి కట్టి ఉంటాయి. చార్జ్ ఎక్కుతున్న ఫోన్ నిద్రపోదు. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ పద్ధతిలో, తెర ఆరి, కదలకుండా, చార్జర్ లేకుండా ఉన్న ఫోనే గాఢనిద్రలోకి జారుకుంటుంది. హోటల్ ముందు బండి ఆపి, ఫోన్ బండి మీదే వదిలి పార్సిల్ కోసం నిలబడ్డ కుర్రాడి పరిస్థితి సరిగ్గా అదే.

అదే మోడల్ ఫోన్ తీసుకుని కేబుల్ తగిలించాం. ‘డంప్‌సిస్ బ్యాటరీ అన్‌ప్లగ్’ అని కొట్టాం. చార్జర్ ఉన్నా లేనట్టే ఫోన్‌ని నమ్మించే కమాండ్ అది. తెర ఆర్పి, ‘డంప్‌సిస్ డివైస్‌ఐడిల్ ఫోర్స్ ఐడిల్’తో నిద్రపుచ్చాం. టెస్ట్ ఆర్డర్ పంపాం. లాగ్‌లో మెసేజ్ అందిన జాడే లేదు. ‘అన్‌ఫోర్స్’ చేసి తెర వెలిగించగానే ఆగిపోయినవన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. తప్పు ఫోన్‌ది కాదు, అంతకుముందు మేం అనుమానించిన నెట్‌వర్క్‌దీ కాదు. సర్వర్ ఆ మెసేజ్‌లని ‘నార్మల్’ ప్రాధాన్యంతో పంపుతోంది. అలాంటివాటిని నిద్రలో ఉన్న ఫోన్ తర్వాత చూద్దాంలే అని పక్కన పెడుతుంది. ‘హై’ అని మార్చితే నిద్రలోనూ అందాయి. మార్చింది ఒక్క మాట. ఆ ఒక్క మాట వల్ల ఎందరు ఎన్ని ఆర్డర్లు పోగొట్టుకున్నారో ఎవరూ లెక్క వేయలేదు. ‘మా దగ్గర బానే ఉంది’ అని టికెట్ మూసేయడం నాకు ఎప్పుడూ కోపం తెప్పిస్తుంది. టికెట్ మూసినా అవతల మనిషి కూలి పోతూనే ఉంటుంది కదా!

ఇదే సందర్భంలో పిల్లలకి మరీ మరీ చెప్పేది ఒకటుంది. యాప్‌ని ‘ఫోర్స్ స్టాప్’ చేసి, నోటిఫికేషన్ రావట్లేదని బగ్ రాయకండి. ఫోర్స్ స్టాప్ చేసిన యాప్‌ని మనిషి మళ్లీ తెరిచేదాకా సిస్టమ్ లేపదు, అది దాని నియమం. మెమరీ చాలక సిస్టమే యాప్‌ని దించేసినప్పుడు ఏమవుతుందో చూడాలంటే దానికి ‘యామ్ కిల్’ అనే కమాండ్ వేరేగా ఉంది.

పరాయి ఫోన్‌కి కేబుల్ తగిలించే ముందు నేను అడుగుతాను. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్లు తెరవడం ఫోన్ సొంతదారు చేతే చేయిస్తాను. ఎందుకంటే 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చాక మామూలు యాప్‌లు ఒకదాని లాగ్ ఒకటి చదవలేవు గానీ, ఏడీబీ ముందు అన్నీ పరిచి ఉంటాయి. ఫోన్ నంబర్లు, చిరునామాలు, ఒక్కోసారి ఓటీపీలు కూడా డెవలపర్లు లాగ్‌లో రాసేసి మరిచిపోతారు. అలాంటి వరస కంటపడితే, వెతుకుతున్న బగ్ కంటే ముందు దాని మీద టికెట్ రాయాలని మా టీమ్‌లో పట్టుబట్టాను.

పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపి, పాత అనుమతులు రద్దు చేసి మరీ ఫోన్ తిరిగి ఇవ్వాలి. వైర్‌లెస్‌గా కలిపి ఉంటే అది ఇంకా ముఖ్యం. 2018 ఫిబ్రవరిలోనే, అక్షరం గొడవ నడుస్తున్న ఆ నెలలోనే, 5555 పోర్టు తెరిచి వదిలేసిన ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల్లోకీ ఫోన్లలోకీ ఏడీబీ మైనర్ అనే పురుగు దూరి క్రిప్టో కరెన్సీ తవ్వుకుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్‌కి జత కోడ్ వచ్చింది. అయినా పాత పద్ధతిలో ‘ఏడీబీ టీసీపీఐపీ 5555’ కొట్టి, దాన్ని అలాగే వదిలేసి ఇంటికి వెళ్లే అలవాటు ఇంకా పోలేదు. సాయంత్రం షట్‌డౌన్ చేసే ముందు ‘ఏడీబీ యూఎస్‌బీ’ అని ఒక్కసారి కొడితే ఆ పోర్టు మూసుకుంటుంది.