శిఖరం మీద ఒక ఫోటో

ఈ వారం నా కోపానికి కారణం మళ్లీ ఫ్లెక్సీయే. ఈ కాలమ్‌ను వరసగా చదివేవాళ్లు "మొదలుపెట్టాడు" అని పేజీ తిప్పేయొద్దు. ఈసారి దాని మీద నాయకులూ మాజీలే కాదు, ఒక అగ్నిపర్వతం కూడా ఉంది. వనపర్తి బస్టాండుకు పోయే దారిలో కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య కట్టారు. యూరప్‌లోకెల్లా ఎత్తైన ఎల్బ్రస్ శిఖరం అధిరోహించబోతున్న మన ముద్దుబిడ్డకు శుభాకాంక్షలట. ఎక్కినందుకు కాదు, ఎక్కబోతున్నందుకు. చుట్టూ గుండ్రటి చట్రాల్లో చేతులు జోడించిన పెద్దల మొహాలు. ముద్దుబిడ్డను మాత్రం వెతుక్కోవాలి. వెనక నీలాకాశంలో మెరుస్తున్న తెల్లకొండ జపాన్‌లోని ఫుజి. ఎల్బ్రస్‌కు రెండు తలలుంటాయి, పడమటిది 5642 మీటర్లు, తూర్పుది 5621. డిజైన్ చేసినవాడికి ఒకే తల నచ్చినట్టుంది.

కుర్రాడు మా వీధివాడే. డిగ్రీ అయింది, భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నాడు, మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసి ఎరగడు. ఫ్లెక్సీ వాళ్ల మేనమామ కట్టించాడట, ఆ దారిన పోవడానికి వాడికే సిగ్గుగా ఉంది. స్టూడియో మూసి ఇంటిపట్టున ఉన్న నా దగ్గరికి సలహాకు వచ్చాడు.

"కాకా, మంచుల ఫోటోలు నల్లగొస్తయంట. ఫోన్ సాల్తదా, కెమెరా కొనాల్నా?"

"ముందు ఊపిరి సాల్తదా చెప్పురా" అన్నాను.

అయిదున్నర వేల మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరుండే దాంట్లో సగం. దానికి వనపర్తిలో తయారు కావడం ఎవరివల్లా కాదు. అక్కడికి పోయాక కొన్ని రోజులు పగలు పైకెక్కుతూ, రాత్రి కిందికొచ్చి పడుకుంటూ ఒంటికి అలవాటు చెయ్యాల్సిందే. ఇక్కడ తయారయ్యేవి కాళ్లూ గుండే. అందుకే తెల్లవారకముందే బండి మీద ఖిల్లా ఘనపురం పోయి, వీపు సంచిలో ఇసుక నింపుకుని కోట ఎక్కుతున్నాడు. దిగడం కూడా లెక్కలో పెట్టుకో అన్నాను. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయొచ్చిన ఏ మోకాళ్లను అడిగినా చెబుతాయి. నల్లమలలో ముందు లోయలోకి దిగి, దర్శనమయ్యాక, సత్తువ తగ్గాక ఎక్కాలి. ఎల్బ్రస్ మీద ఇది తిరగబడుతుంది. అర్ధరాత్రి దాటాక బయల్దేరి, పొద్దెక్కాక శిఖరం చేరి, ఒంట్లో ఏమీ మిగలనప్పుడు దిగాలి. కేబుల్ కారు 3800 మీటర్లు దాటించి దింపుతుంది కాబట్టి ఎల్బ్రస్‌కు తేలిక కొండ అని పేరు. ఆ తేలిక కొండ మీదే 2021 సెప్టెంబరులో మంచు తుఫానులో చిక్కుకుని ఒకే బృందంలో అయిదుగురు చనిపోయారు. అంతెందుకు, మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కినవాడు, వాటిలో ఎల్బ్రస్ కూడా ఒకటి. అంతటివాడు 2015లో ఆండీస్‌లోని ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. అదీ, ఎల్బ్రస్‌లాగే, అగ్నిపర్వతమే.

ఇక బూట్ల కింద కట్టుకునే ఇనప ముళ్లు, క్రాంపాన్లు, మన గుట్టల మీద నేర్చుకునేవి కావు. కాలు జారితే ఐస్ యాక్స్‌ను మంచులోకి దించి ఒంటి బరువుతో ఆపుకోవడం కూడా అక్కడికి పోయాకే. అలాగని మన గుట్టలను తక్కువ చెయ్యను. ఘనపురం, పానగల్లు కోటలను మోస్తున్న రాయి కూడా ఒకప్పుడు కరిగిన ద్రవమే. ఎల్బ్రస్ తన కడుపులోది బయటికి కక్కింది. మనది భూమి లోపలే చల్లారి గట్టిపడి, పైనున్నదంతా కోట్ల ఏళ్లు కొట్టుకుపోయాక బయటపడింది. లోపలే చల్లారడం పాలమూరు గుణమేమో.

వాడడిగిన ఫోటోల సంగతి. లోకమంతా మధ్యస్తపు బూడిదరంగులో ఉంటుందని కెమెరా మీటరుకు ఒక నమ్మకం. తెల్లపంచెల పెద్దమనుషులు ఎండలో వరసగా కూర్చుంటే ఆ తెలుపుకు బెదిరి వెలుతురు తగ్గించేస్తుంది. పంచెలు మాసినట్టు, మొహాలు గుర్తుపట్టలేనట్టు వస్తాయి. పెళ్లిళ్లు తీసిన ప్రతి ఫోటోగ్రాఫరూ పడిన పాటే ఇది. మంచు కొండ మీద ఆ పంచె ఆకాశం అంచుదాకా పరిచి ఉంటుంది. కాబట్టి మీటరు చెప్పినదాని మీద ఒకటి నుంచి రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. ఫోనైతే తెర మీద వేలు పెట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును పైకి జరపాలి. మన చామనఛాయ మొహాలకు ఇంకో చిక్కుంది. మంచుకు సరిపెడితే మొహం పోతుంది, మొహానికి సరిపెడితే మంచులో గీతా మడతా మిగలవు. మనిషిని ఎండ వైపు తిప్పి నిలబెడితే మంచే కిందనుంచి రిఫ్లెక్టర్ పని చేస్తుంది, గడ్డం కింద నీడ కరిగిపోతుంది. ఆ కింది వెలుతురే చర్మాన్ని ముక్కుపుటాల లోపల కూడా కాలుస్తుంది, క్రీము అక్కడా రాసుకోవాలి. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా చలికి ఉన్నట్టుండి చేతులెత్తేస్తుంది, దాన్ని లోచొక్కా జేబులో ఒంటి వేడికి పెట్టుకోవాలి. గుడారంలోకో గదిలోకో వచ్చేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించకపోతే వెచ్చటి గాలికి లెన్సు చెమ్మగిల్లుతుంది. పొద్దు పొడిచేటప్పుడు అందరూ తూర్పుకు తిరుగుతారు, నువ్వు పడమటికి తిరుగు, కొండ నీడ ముక్కోణంగా మైళ్ల దూరం పరుచుకుని ఉంటుంది అని చెప్పాను.

ఇంకొకటి. "కొంచెం వెనక్కి జరగండి" అనే మాట మా వృత్తిలో నోటికి ఊతపదం. హిమానీనదం మీద దాన్ని మరిచిపోవాలి. మంచు పొర కింద పగులు ఉంటే పైకి తెలియదు. ఎల్బ్రస్ మీద మామూలు దారి వదిలితే అలాంటివి చాలా. ఫ్రేము కుదరకపోతే ఫోటో వదులుకోవాలి, నడుముకు కట్టిన తాడు మాత్రం విప్పకూడదు.

ఇన్ని చెప్పాక, శిఖరం మీద మాత్రం ఫోటో వద్దురా అనబోయాను. ఆ ఫోటోలన్నీ ఒక్కటే. టోపీ, నల్ల అద్దాలు, జెండా. లోపలున్నది వనపర్తివాడో వియత్నాంవాడో తల్లి కూడా పోల్చుకోలేదు. కొండ కూడా అందులో ఉండదు, దాని రూపం దాని శిఖరం మీదనుంచే కనబడదు కాబట్టి. తేరిపార చూస్తే కళ్లద్దాల్లో ఒక చిన్న మనిషి కనిపిస్తాడు, ఫోటో తీస్తున్న గైడు. వాడు ఎప్పటికీ అంతే సైజులో ఉండిపోతాడు. మార్గం, గుడారం, తోటివాళ్ల అలసిన మొహాలు తీసుకురా, జెండా ఫోటో ఎందుకు అన్నది నా వాదన. పాత వాదనే, ఇదే పేజీలో ముందూ రాశాను.

కానీ నోరు విప్పేలోపు నా స్టూడియో గుర్తొచ్చింది. పండుగలు వెళ్లాక గుంపు మేస్త్రీలు మనుషులను వలస పనులకు లారీలకెత్తే రోజుల్లో, బయల్దేరే ముందు కొందరు ఫోటోకు వచ్చేవాళ్లు. అవ్వ దగ్గర వదిలిపోతున్న పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని దిగేవాళ్లు. బ్యాక్‌డ్రాపు మీద నేను గీయించిన తాజ్‌మహల్ ఉండేది. కొందరు దాన్ని తీసేయమనేవాళ్లు, ఉత్త గోడ చాలనేవాళ్లు. ఒక కాపీ అవ్వకు, ఒకటి లోపల జేబుకు. అడ్వాన్సు ఇచ్చి పోయి, మిగతా డబ్బులు మళ్లీ వానలకు ఊరొచ్చినప్పుడు ఇచ్చేవాళ్లు, ఎగ్గొట్టినవాడు దాదాపు లేడు. ఎక్కడ పని చేశారంటే ఊరి పేరు చెప్పేవాళ్లు కాదు, నది పేరు చెప్పేవాళ్లు. దేశంలో పాలమూరు చెయ్యి పడని ఆనకట్ట అరుదంటారు. ఆ గోడల అంచున, పరంజీల కొసన, తాడూ హార్నెస్సూ లేకుండా నిలబడినవాళ్లు వీళ్లు. అలా పైన నిలబడి దిగిన ఫోటో ఏ ఒక్కరి చేతిలోనూ నేను చూడలేదు. ఆనకట్టకు శిలాఫలకం ఉంటుంది, దాని మీద పేర్లు మనకు తెలిసినవే. నా దగ్గరున్న నెగెటివుల్లో వాళ్లంతా బయల్దేరబోతున్నవాళ్లే. చేరినవాడు ఒక్కడూ లేడు.

ఎల్బ్రస్ కథ కూడా కొంత ఇలాంటిదే. 1829లో రష్యన్ సేనాపతి ఇమాన్యుయెల్ పండితులను వెంటబెట్టుకుని ఆ కొండ మీదికి దండు తీశాడు. పండితులు మధ్యలో ఆగిపోయారు. తూర్పు శిఖరం చేరినవాడు దారి చూపడానికి తెచ్చుకున్న స్థానికుడు, కిలార్ ఖషీరోవ్. సేనాపతి కింద శిబిరంలో దుర్భిణి పట్టుకుని చూశాడు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఎవరు నమ్మేవాళ్లు? ఎవరెస్టు మీద 1953లో ఈ లెక్క ఇంకోలా తేలింది. ఆ రోజు శిఖరం మీద ఫోటోలో ఉన్నది టెన్జింగ్ నార్గే. 1935లో బరువులు మోసే కూలీగా మొదటిసారి ఆ కొండకు వచ్చిన మనిషి. కెమెరా హిల్లరీ చేతిలో ఉంది. హిల్లరీ శిఖరం మీద దిగిన ఫోటో లేదు. ప్రపంచంలో అందరికీ తెలిసిన శిఖరం ఫోటోలో సాహెబు లేడు, కూలీ ఉన్నాడు.

దగ్గరిది చూద్దాం. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్‌కుమార్ టిబెట్ వైపునుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద శేఖర్‌బాబు బచినేపల్లి చేతిలో తయారయ్యారు. వాళ్లను పంపిన అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ మన అలంపురం మనిషి. ఆయన తరవాతి రాజకీయాలు ఈ కాలమ్‌కు అక్కర్లేదు. ఆ పిల్లలు జెండాతో పాటు పైకి రెండు పటాలు తీసుకుపోయారు, ఒకటి అంబేడ్కర్‌ది, రెండోది ఆ గురుకులాల వెనకున్న అధికారి ఎస్.ఆర్. శంకరన్‌ది. ఫోటోల్లో ఇతరుల మొహాలు ఇరికించడమంటే నాకు గిట్టదని మీకు తెలుసు. వీటి మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. ఫ్లెక్సీలో పెద్దలు పిల్లాడిని వాడుకుంటారు, అక్కడ పిల్లలే పెద్దలను ఎంచుకుని వీపున మోసుకుపోయారు. పూర్ణ తరవాత 2017లో ఎల్బ్రస్ కూడా ఎక్కింది.

కాబట్టి శిఖరం మీద దిగమనే చెప్పాను. రెండు షరతులు పెట్టాను. ఒక్క నిమిషమైనా అద్దాలు నుదుటి మీదికి నెట్టి, మంచు వెలుతురుకు కళ్లు సగం మూసుకునైనా సరే, మొహం కనబడేలా దిగాలి. తరవాత ఫోన్ నువ్వు తీసుకుని గైడును అక్కడే నిలబెట్టి తీయాలి, కాగితం మీద ప్రింటు వేయించి వాడికి పంపాలి.

"వాట్సాప్‌ల పంపితె సాలదా కాకా?"

సాలదన్నాను. పది బై పన్నెండు ప్రింటు, మ్యాట్ పేపరు, అట్టముక్కల మధ్య పెట్టి పంపాలి. రష్యాకు పార్సిల్ ఎంతవుతుందో కనుక్కోవడానికి వాడు పోస్టాఫీసుకు పోయాడు.