పొణికికర్రలో పొద్దుటి పనులు

కొండపల్లి బొమ్మ అనగానే చాలామందికి అంబారీ ఏనుగో దశావతారాలో గుర్తొస్తాయి. సన్మాన సభల్లో శాలువాతో పాటు చేతిలో పెట్టేవీ ఎక్కువగా అవే. ఆ ఊరి పనితనం అసలు రుచి నాకు తెలిసింది మాత్రం పక్క అరలో, తక్కువ ధరకు సర్దిపెట్టిన పల్లె బొమ్మల దగ్గర. తిరగలి విసిరే ఆవిడ, కవ్వం తిప్పే ఆవిడ, రోట్లో వడ్లు దంచే జోడీ, బిందె చంకనెత్తుకున్న పిల్ల, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, గడ్డి తోలుకొస్తున్న ఎడ్లబండి. వీళ్లలో ఊరికే నిలబడి ఉన్నవాళ్లు కనపడరు. అందరి చేతుల్లోనూ ఏదో ఒక పని ఉంటుంది.

కొండపల్లి విజయవాడకు ఇరవై కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. ఇబ్రహీంపట్నం పక్కన, నార్ల తాతారావు థర్మల్ కేంద్రం పొగగొట్టాలకు చేరువలో, రెడ్డిరాజుల నాటి ఖిల్లా కింద ఉంటుంది. బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకొంటారు. ఆ చరిత్ర సంగతి అలా ఉంచితే, వాళ్లను ఇక్కడ కట్టిపడేసింది చుట్టుపక్కల కొండల మీద పెరిగే తెల్లపొణికి చెట్టే అనిపిస్తుంది. మెత్తటి కర్ర, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. దాన్ని బాగా ఆరబెట్టి, సన్నటి సెగ చూపించి, లోపలి తేమంతా పోయాకే ఉలి పెడతారు. తేమ మిగిలితే తర్వాత బొమ్మ బీటలిస్తుంది.

కర్ర మెత్తగా ఉండటంలో సుఖమూ ఉంది, చిక్కూ ఉంది. ఉలికి ఇట్టే లొంగుతుంది. కానీ చాచిన చేతిని ఒకే దుంగలోంచి తీయబోతే, ఆ చేయి కర్ర నారకు అడ్డంగా పడి, పిల్లవాడి వేలు తగిలినా పుటుక్కుమంటుంది. అందుకే కొండపల్లిలో మొండెం వేరు, చేతులు వేరు, కొన్ని బొమ్మలకు తల కూడా వేరు. ఏ ముక్కకు ఆ ముక్కను నార పొడుగునా చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, కావలసిన కోణంలో అతికిస్తారు. తిరుపతి ఎర్రచందనం విగ్రహాన్ని గట్టి కర్రలోంచి ఒకే ముక్కగా తీస్తారు, అది నిటారుగా నిలబడటానికే పుట్టినట్టుంటుంది. ఎటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క పూస్తారు కాబట్టి ఆ బొమ్మల అందమంతా గుండ్రదనంలో ఉంటుంది. వంగే, లాగే, ఎత్తే మనిషి కావాలంటే అతుకు ఉండాల్సిందే. కొండపల్లివాళ్లు కర్రలోని బలహీనతను ఇలా తమకు అనుకూలంగా తిప్పుకున్నారు.

ఆ అతుకు ఏం చేసిపెడుతుందో చూడాలంటే కవ్వం తిప్పే ఆవిడను చూడాలి. రెండు చేతులూ ఒకే దూరంలో ఉంటే ఆమె తాడు పట్టుకు నిలబడినట్టుంటుంది తప్ప చిలుకుతున్నట్టు ఉండదు. మంచి పనివాడు ఒక చేతిని పొట్ట దగ్గరకు లాగి, రెండోదాన్ని ముందుకు వదులుతాడు. ఆ లాగిన వైపు భుజం కొంచెం వెనక్కి పోతుంది. మిగతా వేగాన్ని మన కన్ను పూరించుకుంటుంది. బిందె పిల్ల కూడా అంతే. బరువు ఎడమ చంకలో ఉంటే నడుము కుడివైపుకు ఒరగాలి, కుడిచేయి ఒంటికి ఎడంగా జరగాలి. నీళ్లు మోసిన వాళ్లను చూడనివాడికి ఆ ఒరుగు చేతికి రాదు. తిరగలి ఆవిడ ఒక కాలు చాపి, ఒకటి ముడుచుకుని కూర్చుంటుంది. అలా కూర్చోకపోతే పిడి చుట్టూ చేయి తిరగదని విసిరినవాళ్లందరికీ తెలుసు.

అన్నింటికంటే నన్ను ఆపేసేది గీత కార్మికుడు. చెట్టెక్కేవాడు మానును కావలించుకోడు, మోకు మీద బరువు వేసి ఒళ్లంతా వెనక్కి వాలుస్తాడు, పాదాలు మాత్రం మానుకు అదిమిపెడతాడు. నాసిరకం బొమ్మలో అతను చెట్టుకు బల్లిలా అతుక్కుని ఉంటాడు. మంచి బొమ్మలో ఛాతీకీ మానుకూ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే అతని ధైర్యమంతా ఉంది.

ముక్కలను కలిపేది మక్కు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. అతుకు దాచడానికి, ఒంపు సరిదిద్దడానికి, చెక్కుడులో రానిదాన్ని పైన తీర్చడానికి కూడా అదే. ఆరాక సున్నం పూత, దాని మీద మేక వెంట్రుకల కుంచెతో రంగులు. పులుసు పెట్టుకోగా మిగిలిన గింజ, కోతలో రాలిన పొట్టు, గోడకు వేసే సున్నం. బొమ్మలో ఏ ఇల్లాలు కనిపిస్తోందో, దాన్ని నిలబెట్టిన సరుకు కూడా అలాంటి ఇంట్లోదే. రంగుల విషయంలో నా పక్షపాతం చెప్పేస్తాను. ఎనామిల్ మెరుపు భుజం ఒంపును మింగేస్తుంది. ఈమధ్య మళ్లీ వాడుతున్న సహజ రంగులు మెరవవు కానీ, ఉలి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తిరిగిందో చూపిస్తాయి.

ఈ బొమ్మలకు అసలు వేదిక సంక్రాంతి బొమ్మల కొలువు. బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లబట్ట పరిచి, పైమెట్ల మీద దేవుళ్లను, కిందమెట్ల మీద ఈ పనిపాటల జనాన్ని కూర్చోబెడతారు. ఆవాలు మొలిపించి పొలం చేస్తారు. కృష్ణ మీద 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ డెల్టాకు వరి ఇచ్చాయి. వరి వెంట వచ్చిన చాకిరీ అంతా ఆ కిందమెట్టు మీదే ఉంటుంది. పేరంటంలో హారతి పళ్లెం కొలువంతటికీ తిరుగుతుంది కాబట్టి, రోజూ చేసినా ఎవరూ పట్టించుకోని విసురుడుకూ దంపుడుకూ కూడా ఆ వెలుగులో భాగం దక్కుతుంది. ఇంటి పనికి ఇల్లే నమస్కారం పెట్టుకునే ఏర్పాటు మనకు ఇంకెక్కడుంది?

ఒక్కటే వెలితి. తిరగళ్లు మిక్సీలయ్యాయి, దంపుడు మిల్లుకు పోయింది. కిందమెట్టు మాత్రం పాత పొద్దుల్లోనే ఉండిపోయింది. ఇప్పటి పిల్లలకు ‘ఈవిడేం చేస్తోంది అమ్మమ్మా?’ అని అడగాల్సి వస్తోంది. ఆ ఉలి చేతిలో ఉన్నవాళ్లు బెజవాడ వీధుల్లో పిడత కింద పప్పు కలిపేవాడి మణికట్టును, గ్యాస్ బండను భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కేవాడి మెడను, తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసే కుర్రాడి సైకిలును ఎలా చెక్కుతారో చూడాలని నాకు ఆశ. అవీ బరువులే, ఆ ఒళ్లూ ఏదో ఒకవైపు ఒరుగుతాయి. పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని పనివాళ్లు దిగులు పడుతున్న ఈ రోజుల్లో కొత్త బొమ్మ అడగటం గొంతెమ్మ కోరికే కావచ్చు. అయినా అడుగుతున్నాను.

కొనడానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. ముఖం చూసి మోసపోకండి, రంగు ఎవరైనా బాగా వేయొచ్చు. బొమ్మను వెనక్కి తిప్పి వీపు చూడండి. చంక కింద గోటితో తడిమి చూడండి. అతుకు దగ్గర గరుకు తగలకుండా, చేతిలో పట్టుకున్న బరువు భుజంలో కూడా కనిపిస్తుంటే, బేరమాడకుండా తెచ్చుకోండి.