విననివాళ్లకూ తెలిసిన పేరు

పాప్ సంగీతంలో స్టార్‌కూ సూపర్‌స్టార్‌కూ తేడా శ్రోతల లెక్కలో ఉండదు. పాటలు వినేవాళ్లందరికీ తెలిసిన గాయకుడు స్టార్. ఒక్క పాటా వినని వాళ్లకు కూడా అతని పేరు, ముఖం, నడక తెలిసిపోతే సూపర్‌స్టార్. తెలుగునాట ఆ మాట అనగానే కృష్ణ గుర్తుకొస్తారు. అక్కడా కొలత ఇదే: సినిమాలు చూడనివాళ్లకూ ఆయనెవరో తెలుసు. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో అమెరికాలో 1983 డిసెంబరులో విడుదలైంది. 1985లో ‘దొంగ’ సినిమాలో చిరంజీవి దయ్యాల నడుమ ‘గోలీమార్’ పాటకు ఆ తరహా అడుగులే వేశారు. ఇంగ్లిషు పాట చెవిన పడని ఊళ్లలోనూ పిల్లలు దాన్ని బ్రేక్ డాన్స్ అని పేరుపెట్టి మరీ అనుకరించారు. జాక్సన్ పాట చేరని చోటికి కూడా జాక్సన్ చేరాడు.

ఇప్పుడు కొత్తగా వస్తున్న పాప్ గాయకులకు ఆ స్థాయి అందుతుందా అనే చర్చ పాశ్చాత్య సంగీత ప్రపంచంలో చాలాకాలంగా నడుస్తోంది. ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. పేరు ఎంతమందికి తెలుస్తుందనేది ఒకటి, ఎంతకాలం నిలుస్తుందనేది రెండోది. ఒకప్పుడు ఇవి జంటగా నడిచేవి. గత పదిహేనేళ్లలో వేటి దారి అవి చూసుకున్నాయి.

పాతకాలపు సూపర్‌స్టార్ల వెనుక ప్రతిభతో పాటు ఇరుకు ద్వారాలు కూడా ఉన్నాయి. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ బృందం ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో పాడినప్పుడు 7.3 కోట్ల మంది చూశారు. అప్పటి అమెరికా జనాభాలో ఇది మూడో వంతుకు పైనే. వాళ్లందరూ బీటిల్స్ అభిమానులేమీ కాదు. ఆదివారం రాత్రి ఇంట్లో టీవీ ఒక్కటే, చానళ్లు మూడో నాలుగో. తాత విసుక్కుంటూ చూశాడు, మనవరాలు కేకలు పెడుతూ చూసింది. మర్నాటికి ఇద్దరికీ ఆ నలుగురి జుట్టు గురించి ఏదో ఒక అభిప్రాయం ఉంది. ఆ విసుగు కూడా కీర్తిలో భాగమే.

జాక్సన్ విషయంలో ఆ ద్వారం పేరు ఎంటీవీ. 1981 ఆగస్టులో మొదలైన ఆ చానల్ తొలి రోజుల్లో నల్లజాతి గాయకుల వీడియోలను దాదాపుగా పక్కన పెట్టింది. 1983లో ‘బిల్లీ జీన్’ ఆ తలుపు తెరిపించింది. అదే ఏడాది మే 16న మోటౌన్ రికార్డు సంస్థ రజతోత్సవ కార్యక్రమం టీవీలో ప్రసారమైంది. అందులో జాక్సన్ వెనక్కి జారుతూ వేసిన మూన్‌వాక్ అడుగులు కొన్ని క్షణాలే, కానీ దేశమంతా ఒకే రాత్రి చూసింది. ఇక రికార్డు కంపెనీ ఓపిక సంగతి. ‘థ్రిల్లర్’ ఆల్బమ్‌లో ఉన్నవి తొమ్మిది పాటలు. వాటిలో ఏడింటిని ఏడాదికి పైగా ఒకదాని తర్వాత ఒకటిగా సింగిల్స్ చేసి వదిలారు, ఏడూ అమెరికా పాటల పట్టికలో మొదటి పదిలో చేరాయి. ఆల్బమ్ 37 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఒక పాట పాతబడేలోగా మరొకటి దిగేది. ఆ ముఖం నుంచి జనానికి తప్పించుకునే వీల్లేకపోయింది.

ఈ తరహా కీర్తికి చివరి బండి సుమారుగా 2010లో వెళ్లిపోయింది. రిహానా 2005లో, టేలర్ స్విఫ్ట్ 2006లో, అడెల్, లేడీ గాగా 2008లో తొలి ఆల్బమ్‌లు తెచ్చారు. సీడీలు ఇంకా అమ్ముడవుతున్న రోజులవి, రేడియో మాట చెల్లుతున్న రోజులు. స్విఫ్ట్ మొదట కంట్రీ రేడియో స్టేషన్ల ద్వారా పేరు తెచ్చుకున్న అమ్మాయి. 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా ఆమె సాగించిన ఎరాస్ టూర్‌లో 149 కచేరీలు జరిగాయి, టికెట్ల రాబడి 200 కోట్ల డాలర్లు దాటింది. ఈ కాలంలోనూ సూపర్‌స్టార్లు పుడతారనడానికి ఆమెను రుజువుగా చూపేవారు ఒక సంగతి మరిచిపోతారు. ఆమె పునాది పడింది పాత కాలంలో, ఈ కాలం వేసింది పై అంతస్తులు.

ఈ కాలానికి గుర్తు ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే వేదికలు. వాటిలో ఒకటైన స్పాటిఫై 2008లో స్వీడన్‌లో మొదలై 2011లో అమెరికాకు, 2019లో భారత్‌కు వచ్చింది. శ్రోత 30 సెకన్లు వింటే అక్కడ పాట ఒకసారి విన్నట్టు లెక్క. అందుకే ఈ తరం పాటల్లో వాద్యాల ప్రవేశిక కుదించుకుపోయింది, పల్లవి ముందుకు జరిగింది. అంతకంటే పెద్ద మార్పు వినే తీరులో వచ్చింది. ఎవరి చెవికి తగిన జాబితా వాళ్లకు విడివిడిగా తయారవుతోంది. ఇంట్లో నలుగురుంటే నాలుగు ఇయర్‌ఫోన్లు, నాలుగు వేర్వేరు లోకాలు. నెలకు కోట్లమంది వినే గాయని పేరు పక్క గదిలో ఉన్న తండ్రికి తెలియకపోవడం ఇప్పుడు మామూలు. విననివాళ్లకు పేరు చేరవేసిన దారి పూర్తిగా మూసుకుపోలేదు కానీ గడ్డి మొలిచింది.

రోజుకు లక్ష కొత్త పాటలు ఈ వేదికల మీదికి వస్తున్నాయని పెద్ద రికార్డు కంపెనీల అధిపతులే 2022లో చెప్పారు. ఆ రద్దీలో పాట నెగ్గుతుంది, పాడినవారు మిగలరు. లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’ 2019లో, షబూజీ ‘ఎ బార్ సాంగ్’ 2024లో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో చెరో 19 వారాలు మొదటి స్థానంలో ఉన్నాయి. ఆ పట్టిక 1958లో మొదలైంది. బీటిల్స్‌కు గానీ జాక్సన్‌కు గానీ ఏ పాటతోనూ అన్ని వారాలు దక్కలేదు. అయినా షబూజీ వీధిలో ఎదురైతే గుర్తుపట్టేవాళ్లు ఎందరు? పూర్వం గాయకుడు పాటను వెంటబెట్టుకొచ్చేవాడు. ఇప్పుడు పాట ముందు వచ్చేస్తుంది, ఆ వెనక ఎవరో ఉన్నారని తర్వాత తెలుస్తుంది, తెలియకపోయినా ఎవరికీ లోటు లేదు.

కొత్తవాళ్లకు పోటీ కొత్తవాళ్లతోనే కాదు. అమెరికాలో వినే సంగీతంలో 70 శాతానికి పైగా ఏడాదిన్నర దాటిన పాటలదే. దుకాణం అరల్లో చోటు పరిమితంగా ఉన్నప్పుడు పాత రికార్డు పక్కకు జరిగి కొత్తదానికి చోటిచ్చేది. ఇప్పుడు అర అనేదే లేదు. మరయా కేరీ 1994లో పాడిన క్రిస్మస్ పాట హాట్ 100లో తొలిసారి మొదటి స్థానానికి వచ్చింది 2019లో, పాతికేళ్లకు. అప్పటినుంచి డిసెంబరు వస్తే చాలు, కొత్తవాళ్లు పక్కకు తప్పుకోవలసిందే. కేట్ బుష్ 1985 నాటి ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ ‘స్ట్రేంజర్ థింగ్స్’ ధారావాహికలో వినిపించాక 2022లో బ్రిటన్‌లో మొదటి స్థానం పొందింది. బాబ్ డిలన్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ల పాటల హక్కులను పెద్ద కంపెనీలు కోట్ల డాలర్లు పోసి కొన్నది ఊరికే కాదు.

ఇదే విషయాన్ని కొత్తవాళ్ల వైపు నుంచి చూస్తే కొంత ఊరట కూడా ఉంది. నిలవడం మునుపటికంటే తేలికైంది. పాట స్టాకు అయిపోదు, క్యాసెట్ అరిగిపోదు, కంపెనీ ముద్రణ ఆపేయదు. చాపెల్ రోన్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. మిస్సోరీలోని చిన్న ఊరి అమ్మాయి, పదిహేడేళ్లకే పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది. 2020 ఏప్రిల్‌లో ‘పింక్ పోనీ క్లబ్’ విడుదలైంది, ఎవరూ పట్టించుకోలేదు, కొద్ది నెలలకే కంపెనీ ఆమెను వదులుకుంది. ఆమె ఊరికి తిరిగివెళ్లింది. పాత పద్ధతిలో అయితే కథ అక్కడితో ముగిసేది. పాట మాత్రం ఉన్నచోటే ఉంది. 2023లో తొలి ఆల్బమ్ తెచ్చింది. 2024 మొదట్లో గాయని ఒలీవియా రోడ్రిగో కచేరీలకు ముందు పాడే అవకాశం దొరికింది, ఏప్రిల్‌లో కోచెల్లా సంగీతోత్సవం, ఆగస్టులో షికాగో లొల్లపలూజా ఉత్సవంలో ఇసుక వేస్తే రాలనంత జనం. 2025 ఫిబ్రవరిలో ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ అందుకుంది. ‘నూతన’ అన్న మాటకు ఆమె నవ్వుకునే ఉండాలి.

సబ్రీనా కార్పెంటర్ దారి కూడా దూరమైనదే. డిస్నీ చానల్లో నటిస్తూ 2015లో తొలి ఆల్బమ్ తెచ్చింది. 2024లో ‘ఎస్ప్రెసో’ పాట జనానికి ఎక్కింది, ఆ వెంటే ఆరో ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. మధ్యలో స్విఫ్ట్ ఎరాస్ టూర్‌లో లాటిన్ అమెరికా, ఆస్ట్రేలియా, సింగపూర్ వేదికల మీద స్విఫ్ట్ కంటే ముందు పాడింది. రాత్రికి రాత్రే వచ్చినట్టు కనిపించే కీర్తి వెనుక తొమ్మిదేళ్ల పని ఉంది. బిల్లీ ఐలిష్‌ది మాత్రం మినహాయింపు. పదమూడేళ్ల వయసులో ఇంట్లో రికార్డు చేసిన పాట ఇంటర్నెట్‌లో పెడితే, 18 ఏళ్లకు 2020 గ్రామీల్లో నాలుగు ప్రధాన బహుమతులూ ఆమెకే వచ్చాయి. మినహాయింపును చూసి దారి గీయడం కుదరదు.

కొత్తగా తెరుచుకున్న ద్వారం ఒకటుంది, అది భాషది. దక్షిణ కొరియా బృందం బీటీఎస్ 2020లో కొరియన్ పాటతోనూ హాట్ 100లో మొదటి స్థానం పొందింది. పోర్టోరికోకు చెందిన బ్యాడ్ బన్నీ స్పానిష్‌లోనే పాడుతూ 2020 నుంచి 2022 దాకా వరుసగా మూడేళ్లు స్పాటిఫైలో ప్రపంచంలోనే అత్యధికంగా వినబడిన గాయకుడిగా నిలిచాడు. ఇంగ్లిషు పాడకపోతే ప్రపంచ స్థాయి లేదన్న పాత షరతు పోయింది. జాక్సన్ నాటికి ఇది ఊహకందని సంగతి.

కాబట్టి సూపర్‌స్టార్ అన్న మాటకు పాత అర్థమే పట్టుకుంటే, ఇష్టం లేనివాళ్లకు కూడా తెలిసిన పేరు కావడం 2010 తర్వాత వచ్చినవాళ్లకు అరుదైపోయింది. ఐలిష్ దానికి దగ్గరగా వచ్చింది. మిగతావాళ్లు తమ జనానికి సూపర్‌స్టార్లు, ఆ జనం కోట్లలో ఉన్నా సరే. వాళ్ల బలం తేలేది పట్టికల్లో కాదు. వేలు ఆడిస్తే వచ్చే పాటకు ఎవరూ విడిగా డబ్బు పెట్టనక్కర్లేదు. నెలల ముందే టికెట్ కొని, ఊరు దాటి, వరుసలో నిలబడి, పాడినవారిని కళ్లారా చూడాలనుకునేవాళ్లు ఎందరన్నది స్టేడియం గేటు దగ్గర తెలుస్తుంది. రోన్, కార్పెంటర్‌లకు ఆ గేటు దగ్గర జనం ఉన్నారు. పదేళ్ల తర్వాత, వేరే పాటలతో, అదే జనం మళ్లీ వస్తారా అన్నది ఇంకా తేలాలి.