రంగుకు ముందు రంగు

నా బల్ల మీద పన్నెండుమంది ఆస్ట్రియా సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. 1809లో ఆస్పెర్న్ దగ్గర నెపోలియన్‌ను వెనక్కి నెట్టిన సేనలోని సిపాయిలు. ఒక్కొక్కరూ 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైచిలుకు ఎత్తు. తెల్ల కోట్లు వేసుకోవలసిన ఈ మనుషులకు ఇంకా ఏ రంగూ లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ మెరుస్తోంది. ఇవాళ వాళ్లకు ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే తొలి పూత, కొట్టాలి.

బొమ్మ సైనికులతో బల్ల మీద యుద్ధాలు ఆడే ఈ సరదాకు ఇంగ్లండ్‌లో పెద్ద చరిత్రే ఉంది. హెచ్.జి. వెల్స్ 1913లోనే ‘లిటిల్ వార్స్’ అని దీనికి నియమాల పుస్తకం రాశాడు. ఆనాటి సీసపు బొమ్మలు దుకాణంలోనే రంగులు పూసుకుని వచ్చేవి. ఇప్పటివి అలా రావు. అతికించడం, రంగు వేయడం మన పనే. చాలామందికి ఆటకన్నా ఆ పనే ఇష్టం. నేనూ ఆ జట్టులోనే ఉన్నాను.

ప్రైమర్ ఎందుకంటే, మనం వాడే ఆక్రిలిక్ రంగులో నీళ్లు ఎక్కువ. నున్నటి ప్లాస్టిక్ మీద వేస్తే తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోతుంది. ఎలాగో ఆరినా గోరు తగిలితే పొరలా ఊడి వస్తుంది. షోకేసులో ఉండే బొమ్మకైతే పరవాలేదు. ఇవి ఆటబొమ్మలు, ఒక్క సాయంత్రంలో యాభైసార్లు చేతులు మారతాయి. ముందుగా రంగు పోయేది బాయొనెట్ మొన దగ్గర, తర్వాత ముక్కు మీద. ప్రైమర్ ఆ నునుపు మీద కంటికి కనబడని గరుకు తెస్తుంది. పైరంగు పట్టుకు వేలాడేది దానికే.

కొండపల్లి బొమ్మ చేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తెల్లపొణికి కర్రతో ముక్కలు చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, ఆ పైన సున్నం పూత వేస్తారు. అది ఆరాకే రంగు. అక్కడ కర్ర రంగును పీల్చేయకుండా చూడాలి, ఇక్కడ ప్లాస్టిక్ రంగును నెట్టేయకుండా చూడాలి. ఇబ్బందులు వేరు, తొలి పూత మీద పెట్టే శ్రద్ధ మాత్రం ఒకటే.

పూతకు ముందు స్నానం. అచ్చులోంచి బొమ్మ సులువుగా ఊడి రావడానికి పూసిన జిడ్డు, ముఖ్యంగా రెజిన్ బొమ్మల మీద, మిగిలిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. అచ్చు రెండు భాగాలు కలిసినచోట మిగిలే సన్నని గీతను చాకు వీపుతో గీకాలి. ఇప్పుడు బద్ధకిస్తే, రంగు వేశాక ఆ గీత సిపాయి చెంప మీద మచ్చలా నిలబడుతుంది.

స్ప్రే డబ్బాను రెండు నిమిషాలైనా బాగా ఊపాలి. లోపలి గోళీ గలగలలాడుతూ, అడుగున దిగిన రంగును కలుపుతుంది. బొమ్మకు ఒక జానెడు, జానెడున్నర దూరంలో పట్టుకుని, పక్కన మొదలుపెట్టి బొమ్మ మీదుగా ఇవతలికి తేవాలి. ఒకేచోట ఆపితే కళ్లు, గుండీలు రంగులో మునిగిపోతాయి. ఒక మందపాటి పూత కన్నా రెండు పలచటి పూతలు మేలు. ముక్కుకు మాస్క్ తప్పనిసరి.

వాతావరణం సంగతి నాకు హైదరాబాద్ మే నెల నేర్పింది. మిట్టమధ్యాహ్నం డాబా మీదికెళ్లి ఇరవై బొమ్మలకు ప్రైమర్ కొట్టాను. ఆ ఎండకు రంగు తుంపరలు బొమ్మను చేరేలోపే గాల్లో ఆరిపోయి, పొడిగా రాలాయి. చేత్తో తాకితే బొంబాయి రవ్వలా తగిలింది. నెల రోజులు కూర్చుని అతికించిన దళం అది, చాలా బాధపడ్డాను. ఇరవైనీ రాత్రంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, తెల్లారి బ్రష్‌తో తోమి మళ్లీ మొదలుపెట్టాను. అప్పటినుంచి ఎండాకాలమైతే పొద్దున్నే కొడతాను. వానాకాలం చెమ్మకు పూత మసకబారుతుంది కాబట్టి ఆ నాలుగు నెలలూ కుంచెతో వేసే ప్రైమరే వాడతాను. స్పెయిన్‌లోని వయెహో కంపెనీది దొరుకుతుంది. దాన్ని పూర్తిగా ఒక రోజు ఆరనివ్వాలి.

ఇక అసలు విషయం, ఏ రంగు ప్రైమర్? నల్లటి పూత మీద కుంచె అందని సందులన్నీ వాటంతటవే నీడలవుతాయి. కవచాలకు, ముదురు దుస్తులకు అది బంగారం. కానీ దాని మీద పసుపు, ఎరుపు రంగులు తేలడానికి మూడు నాలుగు పూతలు పడతాయి. తెలుపు మీద అవే రంగులు ఒక్క పూతకే వెలుగుతాయి, అయితే వదిలేసిన ప్రతి సందూ పట్టిచ్చేస్తుంది. 2019లో ఈ బొమ్మలు, రంగులు అమ్మే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ కాంట్రాస్ట్ రంగులు తెచ్చినప్పుడు, వాటితోపాటు లేత ప్రైమర్లు కూడా తేవలసి వచ్చింది. సందుల్లోకి జారి చిక్కబడి, మిట్టల మీద పలచబడే ఆ రంగులకు కింద వెలుతురు కావాలి మరి.

నాకు నచ్చిన పద్ధతి జెనిథల్. ముందు బొమ్మంతా నలుపు. తర్వాత ఏటవాలుగా పైనుంచి బూడిదరంగు. చివర నడినెత్తి మీదినుంచి తెలుపు, ఒక్క క్షణం. టోపీ మీద, భుజాల మీద, ముక్కు దూలం మీద తెలుపు వాలుతుంది. గడ్డం కింద, చంకలో, కోటు అంచు లోపల చీకటి మిగులుతుంది. రంగు ఇంకా వేయకముందే, మధ్యాహ్నపు సూర్యుడి కింద నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. పలచటి రంగు ఏది వేసినా ఆ వెలుగునీడలు అందులోంచి తొంగిచూస్తాయి.

అయినా ఈ ఆస్ట్రియా వాళ్లకు అది వద్దనుకున్నాను. తెల్ల కోటు కింద తెల్ల ప్రైమర్ ఉంటే నాకు వేయడానికి ఏమీ మిగలదు, నలుపుంటే కోటు మాసినట్టుంటుంది. అందుకే వెచ్చటి లేత బూడిదరంగు తీసుకున్నాను. మడతల్లో దాన్ని అలాగే వదిలేసి, ఉబ్బెత్తుగా ఉన్నచోట మాత్రమే తెలుపు తాకిస్తాను. మందు సీసా మూతల మీద పన్నెండుమందినీ నిలబెట్టాను. తూర్పు వైపు ఇంకా ఎండ రాలేదు. డబ్బా ఊపుతున్నాను.